వ్యాయామమూ, వర్గసమాజమూ, మన యువజనులూ

నేటి యువకులు ఒళ్లు వంచడం మరిచిపోయారనీ, సోమరులైపోయారనీ, చేతిలోని ఫోను తప్ప వారికి మరో లోకం లేదనీ సభావేదికల మీద తరచుగా వింటున్నాం, పత్రికల్లో చదువుతున్నాం. ఈ మాట చెప్పేవారిలో వైద్యులున్నారు, మంత్రులున్నారు, తలిదండ్రులున్నారు. మావంటి అధ్యాపకుల సంఖ్యా తక్కువేమీ కాదు. అందరి మాటల అడుగునా వున్న అభిప్రాయం ఒక్కటే. వ్యాయామం వ్యక్తి సంకల్పానికి సంబంధించిన విషయం. మనసున్నవాడు చేస్తాడు, లేనివాడు మానుతాడు.

ఈ అభిప్రాయం వినడానికి ఇంపుగానే వుంటుంది. దీనివల్ల ప్రభుత్వానికి ఖర్చు లేదు, కళాశాల యాజమాన్యానికి బాధ్యత లేదు, నేరమంతా కుర్రవాడిది. కాని చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచడం లేదు. ఏ కాలంలో, ఏ దేశంలో, ఎవరు, ఎందుకు వ్యాయామం చేశారన్న ప్రశ్న వేసుకుంటే, వ్యాయామపు అలవాటు ఏనాడూ ఒంటరి మనిషి అలవాటు కాదనీ, అది సమాజం మనిషి చేత చేయించిన అలవాటనీ తేలుతుంది. ఈ వ్యాసంలో నేను చూపదలచుకున్నది అదే.

మొదట లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో వెల్లడించిన అంచనాల ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలోని వయోజనుల్లో 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, ఆరోగ్యానికి అవసరమైనంత శరీరశ్రమ చేయడం లేదు. మన దేశంలో ఇట్టివారు దాదాపు సగం. స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం. సోమరితనం వ్యక్తి గుణమే అయితే అది స్త్రీలలో పదిహేను పాళ్లు ఎక్కువగా ఎందుకు పుట్టింది? ప్రకృతి ఆడపిల్లకు బద్ధకం ఎక్కువగా పంచిపెట్టిందా? చీకటి పడితే హాస్టలు తలుపులు మూసేవారినీ, మైదానంలో పరుగెత్తే పిల్లను చూసి ఈలవేసేవారినీ, కళాశాల నుంచి రాగానే చేతికి చీపురందించే ఇంటినీ అడిగితే జవాబు దొరుకుతుంది.

సాహిత్య విద్యార్థిని కాబట్టి మాటల దగ్గర కొంచెం ఆగుతాను. సంస్కృతంలో ‘శ్రమ’ అన్న పదానికి కాయకష్టం అన్న అర్థంతోపాటు, ఆయుధవిద్యలో చేసే అభ్యాసం అన్న అర్థం కూడా వున్నది. ఒకే మాట పొలంలో వంగిన నడుముకూ, బరిలో లేచిన కత్తికీ చెల్లింది. తెలుగులో మనకు సాము వుంది, గరిడీ వుంది. కసరత్తు, తాలీము అరబ్బీ నుంచి పారశీకం మీదుగా, హిందుస్తానీ మీదుగా వచ్చి మన మాటలైపోయినాయి. డ్రిల్లు ఇంగ్లీషువాడి బడితోనూ, పటాలంతోనూ వచ్చింది. జిమ్ము నిన్న మొన్న వచ్చింది. ఈ మాటల వరస ఒట్టి నిఘంటువు కాదు. మన దేహాల మీద ఎవరెవరు అధికారం నెరపారో చెప్పే చరిత్ర. రాజు, సుల్తాను, కంపెనీ దొర, చివరకు నెలవారీ చందా వసూలుచేసే వ్యాపారి — ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట వదిలిపోయారు.

1520 ప్రాంతంలో విజయనగర రాజధానిని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయల దినచర్య వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగేవాడట. ఒంటికి నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులెత్తి, తాగిన నూనె చెమటై కారిపోయేదాకా కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీపట్టి, ఆపైన గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో స్వారీ చేసేవాడట. చక్కని వర్ణన. దీన్ని చదివి పొంగిపోయే మనం ఒక్క సంగతి మరచిపోతాం. ఆ వేళకే ఆ రాజ్యంలోని రైతూ, కాలువలు తవ్వే కూలీ కూడా లేచి చెమటోడుస్తూనే వుండి వుంటారు. వారి చెమటను చూసి రాసుకున్న యాత్రికుడు లేడు. రాజు ఎత్తిన బరువు వ్యాయామమైంది; కూలీ ఎత్తిన బరువు పని అయింది. శ్రమ అన్న మాట వర్గసమాజంలో ఇలా రెండుగా చీలింది. తనకోసం, తన తీరికలో చేసేది ఒకటి. ఇతరులకోసం, పొట్టకోసం చేసేది మరొకటి. నేటికీ బస్తాలు మోసే ముఠా కూలీని ఎవరూ వ్యాయామపరుడని అనరు. ఆ మోతవల్ల అతని ఒళ్లు బలపడడం కంటే అరిగిపోవడమే ఎక్కువ.

పెట్టుబడిదారీ యుగంలో ఈ చీలిక ఇంకా స్పష్టమైంది. ఇంగ్లండులో ధనవంతుల పిల్లలు చదివే పాఠశాలల్లో పందొమ్మిదవ శతాబ్దంలో ఆటలు విద్యలో భాగమైనాయి; సామ్రాజ్యాన్ని ఏలవలసిన దేహాలు అక్కడ తయారయ్యాయి. కార్మికుల సంగతి వేరు. వారికి మొదట కావలసింది బంతి కాదు, తీరిక. 1847 నాటి పదిగంటల చట్టమూ, స్త్రీలకూ బాలకార్మికులకూ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పని ఆపించిన 1850 నాటి ఫ్యాక్టరీ చట్టమూ పోరాటాల ఫలితాలు. ఆ శనివారపు పూట సెలవు క్రమంగా తక్కిన కార్మికులకూ విస్తరించడం వల్లనే ఫుట్‌బాలు కార్మికుల ఆట కాగలిగింది. ఆట ముందు పుట్టి తీరిక తర్వాత రాలేదు. తీరిక సాధించుకున్న తర్వాతనే ఆట వారిదైంది.

మరొక సంగతి. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి సైనికులను ఎంచుకోబోతే, కార్మికవాడల నుంచి వచ్చిన యువకుల్లో ఎందరో పనికిరానివారని తేలింది. అప్పుడు గాని బ్రిటిషు పాలకులు పేదవాడి దేహం వైపు కన్నెత్తి చూడలేదు. శరీరక్షీణతను విచారించిన సంఘం 1904లో నివేదిక ఇచ్చింది. 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టమూ, 1907లో వైద్యపరీక్షల ఏర్పాటూ వచ్చాయి. యుద్ధానికి దేహం కావలసివచ్చినప్పుడు రాజ్యానికి ఆకలి కనిపించింది. అయినప్పటికీ ఆ అనుభవంలో ఒక సత్యం వున్నది: డ్రిల్లుకంటె ముందు అన్నం పెట్టాలి.

జర్మనీ చరిత్ర ఇంకా బోధప్రదమైనది. 1806లో నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడిపోయింది. అయిదేళ్ల తర్వాత, 1811లో, యాన్ అనే ఉపాధ్యాయుడు బెర్లిన్ శివార్లలో బహిరంగ వ్యాయామస్థలం నెలకొల్పి విద్యార్థులను చేరదీశాడు. కడ్డీలమీద వేలాడిన ఆ కుర్రవాళ్లు జాతి విమోచనను గురించి మాట్లాడుకున్నారు. పరాయివాళ్లమీది ద్వేషాన్నీ దానితోపాటే నేర్చుకున్నారు. యువకులు గుమిగూడి బలపడడం ప్రభువులకు భయం కలిగించింది. 1820లో వ్యాయామశాలలు నిషేధించారు. 1842 దాకా ఆ నిషేధం పూర్తిగా తొలగలేదు. దేహానికి సంబంధించిన చిన్న అలవాటుకు రాజ్యం ఇంత భయపడిందంటే, అది దేహానికి మాత్రమే సంబంధించినది కాదన్నమాట.

ఆ శతాబ్దం చివరకు ఆ సంఘాలు చక్రవర్తికి జేకొట్టే స్థితికి దిగజారాయి. అందుచేత కార్మికులు 1893లో తమ వ్యాయామ సమాఖ్యను వేరుగా స్థాపించుకున్నారు. 1925లో ఫ్రాంక్‌ఫర్టులో, 1931లో వియన్నాలో కార్మికుల ఒలింపిక్ ఉత్సవాలు జరిగాయి. అక్కడ దేశాల జెండాలకు బదులు ఎర్రజెండా ఎగిరింది. రికార్డులు బద్దలుకొట్టే ఒక్కడికంటె, కలిసి ఆడే వేలమంది ముఖ్యమనే సూత్రం వారిది. 1933లో హిట్లరు గద్దెనెక్కగానే ఆ సంఘాలను రద్దుచేశాడు, వారి ఆస్తులు కాజేశాడు. 1936 జులైలో బార్సిలోనాలో జరగవలసిన ప్రజా ఒలింపిక్స్, ఫ్రాంకో తిరుగుబాటువల్ల ఆగిపోయింది. ఆడడానికి వచ్చినవారిలో కొందరు అక్కడే నిలిచి రిపబ్లిక్కుకోసం తుపాకి పట్టారు. అదే యేడు బెర్లిన్‌లో హిట్లరు ఒలింపిక్స్ మాత్రం నిరాటంకంగా జరిగినాయి. కసరత్తు తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరి చేతిలో వున్నది, ఎవరికి వ్యతిరేకంగా బలపడమంటున్నది అన్నదే అసలు ప్రశ్న.

ఇక మన దేశం. 1841లో వారన్ హేస్టింగ్సుపై రాసిన వ్యాసంలో మెకాలే బెంగాలీలను పిరికివారుగా, ఆడంగులుగా చిత్రించాడు. ఏలేవాడు మొదట ఏలుబడిలో వున్నవాడి దేహాన్ని అవమానిస్తాడు. ఆ అవమానాన్ని బెంగాలు యువకులు మరచిపోలేదు. 1897లో మద్రాసు యువకులతో మాట్లాడుతూ వివేకానందుడు, గీతాపఠనం కంటె ఫుట్‌బాలే మిమ్మల్ని స్వర్గానికి దగ్గర చేస్తుందన్న అర్థం వచ్చేట్టు చెప్పాడు. 1902లో కలకత్తాలో స్థాపితమైన అనుశీలన సమితి కర్రసాము నేర్పే సంఘంగానే మొదలై విప్లవసంస్థగా పరిణమించింది. సరళాదేవి ఘోషాల్ అనే స్త్రీ ఆ రోజుల్లోనే తన పుట్టింట వ్యాయామకేంద్రం నడపడం గమనించదగ్గది. ఆ యువకులు ఆరోగ్యసూత్రాలు చదివి తెల్లవారుజామున లేవలేదు. ఒక జాతి సిగ్గు వారిని లేపింది. పక్కన నిలబడ్డ మిత్రుడు లేపాడు. ఐతే ఆ అఖాడాల్లో ఎక్కువగా చేరినవారు పైకులాల మధ్యతరగతి హిందువులు. ఆ పరిమితి ఆ ఉద్యమానికి తీరని లోపమైంది. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరదేశపు మతకలహాల్లో అఖాడాలు ఏ పక్షాన కర్రలెత్తాయో తెలిసిందే.

ఆ గాలి తెలుగుదేశానికీ వీచింది. అది విజయనగరంలో రెండు రూపాలుగా కనిపిస్తుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో బంధువుల దగ్గర పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తిరిగివచ్చి తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడైనాడు. ఆ తర్వాత సర్కసు కంపెనీ పెట్టి, గుండెమీద ఏనుగు నెక్కించుకొని, ఛాతీకి కట్టిన గొలుసులు తెంచి దేశదేశాల్లో ‘కలియుగ భీము’డనిపించుకున్నాడు. 1942లో మరణించాడు. పరాయి పాలనలో తలవంచుకు బతికే జనానికి ఆ దేహం ఒక ఊరట. డేరాలో కూర్చున్న ప్రతి కుర్రవాడూ ఆ గొలుసులో మరొక గొలుసును చూసి వుంటాడు.

ఆ కాలంలోనే, ఆ విజయనగరంలోనే, గురజాడ అప్పారావు బక్కపలచని దేహంతో 1910లో ‘దేశభక్తి’ గేయం రాశాడు. ఆ గేయంలో బలాన్ని గురించిన భాగం మనకందరకూ కంఠస్థమే. దాని క్రమాన్ని మాత్రం మనం తగినంతగా గమనించలేదు. గురజాడ కండతో మొదలుపెట్టలేదు, తిండితో మొదలుపెట్టాడు. తిండినుంచి కండకు, కండనుంచి మనిషితనానికి వచ్చాడు. దానికి ముందు పాడిపంటలను గురించీ, ఆ తర్వాత సరుకుల ఉత్పత్తిని గురించీ చెప్పాడు. సర్కసు డేరాలో ఒక్కడి కండ చూసి వేలమంది చప్పట్లు కొట్టారు. ఆ వేలమందికీ కండ ఎందుకు లేదన్న ప్రశ్న గురజాడ వేశాడు. ఇద్దరూ మనకు కావలసినవారే. కాని ఆలోచనలో ముందడుగు గురజాడది.

1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, అపారమైన జనసందోహాన్ని అదుపులో పెట్టినది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘రామదండు’. చీరాల పేరాల పోరాటానికి వెన్నెముక అయింది కూడా ఆ దళమే. పిలిచిన వేళకు లేవడం, వరుసలో నడవడం, అలసినా ఆగకపోవడం వారికి ఒక ఉద్యమం నేర్పింది. దానికి ఒక యేడు ముందు, 1920లో, మద్రాసు వై.ఎం.సి.ఎ.లో హ్యారీ బక్ వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల స్థాపించాడు. దక్షిణాది బళ్లకు తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు రావడం అప్పటినుంచి మొదలైంది. ఒకటి ప్రజల కదలిక, రెండోది సంస్థ. రెండూ వున్నచోట అలవాటు వేళ్లూనుతుంది. కదలిక చల్లారి సంస్థ ఒక్కటే మిగిలితే, డ్రిల్లు పీరియడు లెక్కల పీరియడుగా మారిపోతుంది.

మన కాలానికి వద్దాం. కోడి రామమూర్తి పుట్టిన ఆ ఉత్తరాంధ్ర మట్టినుంచే కరణం మల్లీశ్వరి వచ్చింది. 2000 సంవత్సరంలో సిడ్నీలో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేటలో ఆమెకొక గురువు దొరికాడు. ఆమె అక్కచెల్లెళ్లూ బరువులెత్తినవారే. విజయనగరం దగ్గర కొండవెలగాడ గ్రామం బరువులెత్తేవారి ఊరుగా పేరుపొందింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఆ ఊళ్లో పిల్లలు పుట్టుకతోనే సంకల్పబలం తెచ్చుకున్నారా? లేదు. అన్న ఎత్తుతుంటే తమ్ముడు చూశాడు. పక్కింటి పిల్ల ఎత్తుతుంటే తమ పిల్లను పంపడానికి తల్లికి జంకు పోయింది. ఎత్తినవారికి క్రీడాకారుల కోటాలో రైల్వేలోనో పటాలంలోనో ఉద్యోగం దొరికితే ఊరంతా చూసింది. గురువు, స్నేహితుడు, తల్లి అనుమతి, బతుకుతెరువు — ఈ నాలుగూ ఒకచోట కలిసినప్పుడు అలవాటు పుట్టింది.

ఈ నాలుగింటిలో ఏది ఎంత బలమైనదో మా కళాశాల మైదానమే చెబుతుంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వచ్చిన యేడు తెల్లవారకముందే ఆ మైదానం నిండిపోతుంది. మగపిల్లలు 1600 మీటర్లకూ, ఆడపిల్లలు 800 మీటర్లకూ గడియారం చూసుకుంటూ పరుగెత్తుతారు. వారిలో పొరుగూళ్ల రైతుకూలీల పిల్లలే ఎక్కువ. పరీక్షలు ముగిసిన నెలకు మైదానంలో గేదెలు మేస్తాయి. ఆ కుర్రవాళ్లు హఠాత్తుగా సోమరులైపోయారా? ఉద్యోగం రానివాడు పొట్ట చేతపట్టుకుని నగరానికి పోయి, పూటకు నలభై ఇళ్లకు భోజనం పొట్లాలు చేరవేస్తూ బండిమీద నడుము విరగ్గొట్టుకుంటున్నాడు. వాడిని ఇప్పుడు పొద్దున్నే లేచి పరుగెత్తమని ఉపన్యసించడం క్రూరత్వం.

2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో జరిగినదాన్ని ఈ దృష్టితో చూడాలి. సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి పరుగెత్తి, శారీరక పరీక్షల్లో నెగ్గి, రాతపరీక్షకోసం ఎదురుచూస్తున్న యువకులు ఆ గుంపులో వున్నారు. నాలుగేళ్ల కొలువులో చేర్చుకొని, ఆ తర్వాత నలుగురిలో ఒకరినే వుంచుకునే కొత్త పథకం ప్రకటించడంతో వారి ఆశ ఒక్క వారంలో కూలిపోయింది. రైళ్లు తగలబడ్డాయి; పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. విధ్వంసాన్ని సమర్థించనక్కరలేదు. కాని మన కాలపు యువకుల్లో అందరికంటె క్రమశిక్షణతో వ్యాయామం చేసినవారు వీరేనని ఒప్పుకోక తప్పదు. వారి దేహాలు సిద్ధంగా వున్నాయి. వాటికి సమాజంలో చోటు లేకపోయింది.

స్నేహితుల ప్రభావాన్ని గురించి పాశ్చాత్య పరిశోధకులు ఇటీవల కొన్ని విలువైన సంగతులు తేల్చారు. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన, చేతి పరికరాలతో తమ పరుగును నమోదుచేసుకునే 11 లక్షలమంది అయిదేళ్ల లెక్కలను పరిశీలించింది. స్నేహితుడి ఊళ్లో వానపడి అతని పరుగు తగ్గితే, వానలేని ఊళ్లో వున్న ఇతని పరుగూ తగ్గింది. స్నేహితులు ఒక కిలోమీటరు అదనంగా పరుగెత్తితే ఇతడు 0.3 కిలోమీటరు అదనంగా పరుగెత్తాడు. పురుషులమీద స్త్రీపురుషులిద్దరి ప్రభావమూ వుంటే, స్త్రీలమీద స్త్రీల ప్రభావమే కనిపించింది. అమెరికా వైమానికదళ అకాడమీలో విద్యార్థులను ఏ ఎంపికా లేకుండా జట్లుగా కూర్చి చూసిన మరొక పరిశోధన 2011లో వెలువడింది. జట్టులో అందరికంటె బలహీనుడైనవాడే తక్కినవారిని ఎక్కువగా కిందికి లాగుతాడని అది తేల్చింది.

ఇవి కాదనలేని నిజాలు. కాని ఆ పండితులు ఆగినచోట మనం ఆగకూడదు. అకాడమీలో అందరికీ ఒకే భోజనశాల, అందరికీ ఒకే గంట, అందరికీ ఒకే మైదానం. తక్కినవన్నీ సమానమైన తర్వాత మిగిలిన తేడాను స్నేహం తెచ్చింది. మన హాస్టల్లో ఒకే గదిలో వున్న ఇద్దరిలో ఒకడు ఇంటినుంచి వచ్చే డబ్బుతో జిమ్ముకు పోతాడు. రెండోవాడు రాత్రి పెట్రోలు బంకులో పనిచేసి వచ్చి పడుకుంటాడు. వారిద్దరూ ప్రాణస్నేహితులైనా ఒకడి పరుగు రెండోవాడికి అంటదు. ఆ బలహీనుడు తక్కినవారిని కిందికి లాగుతాడని చెప్పి అతణ్ణి దూరం పెట్టమనడం ఒక నీతి. అతణ్ణి బలహీనుణ్ణి చేసిన పరిస్థితులను మార్చమనడం మరొక నీతి. మనది రెండోది.

సమాజమే సర్వమనీ, వ్యక్తి వట్టి తోలుబొమ్మ అనీ నేననడం లేదు. అది యాంత్రికవాదం. ప్రతికూల పరిస్థితుల్లో మొదటి అడుగువేసే మనిషి ఎప్పుడూ వుంటాడు. అటువంటి మనుషులు లేకపోతే ఊసవానిపేట లేదు, రామదండు లేదు. ఐతే ఆ ఒక్కడి అడుగు నలుగురి బాట కావాలంటే నేల కావాలి. ఒక్కొక్క వీరుణ్ణి చూపించి తక్కిన లక్షలమందిని సిగ్గుపడమనేవారు ఆ నేల సంగతి మాట్లాడరు.

కనుక విద్యార్థి సంఘాలూ, అధ్యాపక సంఘాలూ ఈ విషయాన్ని ఉపన్యాసకుల నుంచి తమ చేతుల్లోకి తీసుకోవాలి. అపార్టుమెంటు అంతస్తుల్లో, అడుగు ఖాళీస్థలం లేకుండా నడుస్తున్న కళాశాలలకు అనుమతి ఎవరిచ్చారని అడగాలి. వున్న మైదానాలు అద్దెలకూ ఆక్రమణలకూ పోకుండా కాపాడాలి. హాస్టలు భోజనంలో గుడ్డూ పప్పూ కోసం జరిగే పోరాటాన్ని క్రీడాపోరాటంగా కూడా గుర్తించాలి. ఖాళీగా వున్న వ్యాయామ అధ్యాపకుల పోస్టులు నింపించాలి. ఆడపిల్లలకు సాయంత్రం ఏడింటిదాకా మైదానమూ, మైదానానికి దీపమూ, దారిలో భద్రతా కావాలి. పదిమంది కలిసి పరుగెత్తితే పదకొండో పిల్ల తనంతట తానే వస్తుందని పైన చెప్పిన లెక్కలు చెబుతున్నాయి.

ఇవి పెద్ద కోర్కెలు కావు. తిండి, తీరిక, చోటు, తోడు — ఈ నాలుగూ సమకూర్చి, అప్పటికీ మన యువకులు కదలకపోతే, అప్పుడు వారిని సోమరులని అందాం. అంతవరకూ ఆ మాట అనే హక్కు మనలో ఎవరికీ లేదు.